మీటింగుకి రాని సిగ్నీ అత్త

మా కెటిల్ క్రీక్ లోయలో ఏ మీటింగు పెట్టినా, దానికి రాని మనిషి నెత్తిన ఏదో ఒక పని రుద్దడం ఆనవాయితీ. శ్మశానం కంచె బాగుచేయించడం, బడి పొయ్యిలో బూడిద ఎత్తించడం, క్రిస్మస్‌కి కొండ మీంచి చెట్టు తెప్పించడం, ఇలాంటివన్నీ రానివాళ్ల వాటా. వచ్చినవాళ్లు చేతులెత్తి, నవ్వుకుని, కాఫీ తాగి వెళ్లిపోతారు. మర్నాడు ఎవరో ఒకరు ఆ అభాగ్యుడికి ఫోన్ చేసి అభినందనలు చెబుతారు. గొర్రెల ఉన్ని కత్తిరించే ముఠాకి మేస్త్రీ అయిన డంకన్ లావర్టీ ఒకసారి పంటినొప్పితో ఇంట్లో పడుకున్నందుకు శ్మశానం కమిటీ పెద్ద అయిపోయాడు. ఆ పన్ను ఎప్పుడో ఊడిపోయింది గానీ ఆ పెద్దరికం మాత్రం ఊడలేదు.

దీన్ని మేమెవరమూ తప్పుపట్టం. గొర్రెలు పెంచుకునే చోట తీరిగ్గా కూర్చున్న మనిషంటూ ఉండడు. ఒక్కొక్కర్నీ బతిమాలి ఒప్పించాలంటే మీటింగు ఎప్పటికీ తెమలదు. అందుకని అడగం. ఈ అడగకపోవడం వల్లే మేం ఒకసారి, ఏకంగా అమెరికా దేశపు రాజ్యాంగాన్ని సవరించే సభకి మా ప్రతినిధిని ఎన్నుకున్నాం. ఆ రోజు తలచుకుంటే నాకు ముందు నవ్వొస్తుంది, ఆ వెనకే సిగ్గేస్తుంది. మేం ఎన్నుకున్న మనిషి సిగ్నీ ఓర్బెక్. లోయ మొత్తానికీ సిగ్నీ అత్త.

సిగ్నీ అత్త డెన్మార్క్ నుంచి కొత్త పెళ్లికూతురుగా ఇక్కడికి వచ్చింది. భర్త అండర్స్ నెమ్మదస్తుడు, గొర్రెలంటే ప్రాణం. చలికాలం ముందు ముసలి గొర్రెల్ని అమ్మడానికి రైలు స్టేషనున్న ఊరికి వెళ్లినప్పుడు మాత్రం తాగేవాడు. ఒక నవంబరులో అలాగే తాగి బండెక్కాడు. గుర్రాలకి దారి తెలుసు కాబట్టి అవి ఇంటికి తీసుకొచ్చేశాయి. అండర్స్ పగ్గాలు పట్టుకుని కూర్చునే ఉన్నాడు. ఆమె గుమ్మంలోకొచ్చి, సూప్ చల్లారిపోతోంది దిగు అని పిలిచింది. మళ్లీ పిలిచింది. దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుంటే, అది మంచుగడ్డలా తగిలింది. ఈ సంగతి ఆమె నాతో ఒక్కసారే చెప్పింది, బంగాళాదుంపలు తొక్క తీస్తూ. చెప్పాక మళ్లీ బంగాళాదుంపల గురించే మాట్లాడింది.

ఇద్దరు చిన్న ఆడపిల్లలతో మిగిలిపోయిన ఆమెకి లోయవాళ్లు టెలిఫోన్ బోర్డు అప్పజెప్పారు. ఆ లైను కంపెనీ వాళ్లది కాదు, రైతులు తలా ఒక చెయ్యి వేసి స్తంభాలు పాతి లాక్కున్నది. బోర్డు ఆమె ముందుగదిలోనే పెట్టారు. ఎవరైనా హ్యాండిల్ తిప్పితే బోర్డు మీద వాళ్ల పేరు దగ్గర చిన్న రేకు మూత పడుతుంది. ఆమె తీగ గుచ్చి, "ఎవరు కావాలి?" అని అడిగి, కావలసినవాళ్లకి కలుపుతుంది. మా లైనులో ఎవరింటికి రింగు వచ్చినా అందరం ఎత్తి వినేవాళ్లం, దానికి సిగ్గుపడేవాళ్లం కూడా కాదు. మాట్లాడేవాళ్లలో ఎవరైనా తుమ్మితే, ఇంకెవరింట్లోంచో "దేవుడు చల్లగా చూడాలి" అని వినబడేది. అందరి మాటా విన్నా, ఒకరిది ఇంకొకరి చెవిన వెయ్యనిది సిగ్నీ అత్త ఒక్కతే. తన సొంత అభిప్రాయం అంటూ ఏనాడూ ఆ తీగ మీద చెప్పింది లేదు.

ఆమె గురించి నిష్పక్షపాతంగా రాయడం నా వల్ల కాదు, ముందే చెబుతున్నాను. మా ఆయన వెండెల్ గడ్డివామి మీంచి పడి స్పృహ లేకుండా ఉన్న రోజున, డాక్టరు ఏ ఇంట్లో పురుడు పోస్తున్నాడో ఎవరికీ తెలీదు. ఆమె వరసగా ప్రతి ఇంటికీ రింగు ఇచ్చి ఆయన్ని పట్టుకుంది. పట్టుకున్నాక నన్ను వదిలెయ్యలేదు. డాక్టరు కారు మా వాకిట్లోకి వచ్చేదాకా తీగ మీదే ఉండి, "ఊపిరాడుతోందా కోరా? చూసి చెప్పు. ఇప్పుడూ ఆడుతోందా? ఊఁ, చెబుతూ ఉండు" అంటూనే ఉంది. ఇవాళ మా ఆయన నా ఎదురుగా కూర్చుని, కాఫీ మరీ పల్చగా ఉందని సణుగుతున్నాడంటే అది ఆమె చలవే.

అండర్స్ పోయిన కొన్నేళ్లకి దేశమంతటా మద్యనిషేధం వచ్చింది. ఆ రోజు ఆమె కేకు చేసి ఇంటింటికీ ఒక్కో ముక్క పంపింది. మద్యం మాన్పించే ఆడవాళ్ల సంఘంలో చేరి, ఆ సంఘం గుర్తయిన తెల్ల రిబ్బను కోటు మీద పెట్టుకునేది. అండర్స్‌ని ఎలాగూ వెనక్కి తేలేకపోయింది, ఇకమీదట ఇంకొకత్తె అలా గుమ్మంలో నిలబడి పిలవక్కర్లేదు కదా అని ఆమె సంతోషం. మనస్ఫూర్తిగా నమ్మింది.

నేను నమ్మలేకపోయాను. నిషేధం వచ్చిందని తాగడం ఎవరూ మానలేదు, దొంగసారా మొదలైంది. మా తమ్ముడు క్లెమ్ ఒక పండగనాడు ఎవడో పాత కారు రేడియేటర్‌ని గొట్టంగా పెట్టి కాచిన సారా తాగాడు. పొద్దున లేచేసరికి వాడి కళ్ల ముందు తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు. అప్పటినుంచి మా ఇంట్లోనే ఉంటున్నాడు. కిటికీ ఎటుందో తెలుస్తుంది గానీ, దాని ముందు నిలబడ్డది నేనో వెండెలో చెప్పలేడు. మంచి సరుకు దుకాణంలో దొరికి ఉంటే మా వాడికి చూపు ఉండేదని నా ఏడుపు. మద్యం తిరిగి రావాలనేవాళ్లని మావైపు తడివాళ్లు అనీ, వద్దనేవాళ్లని పొడివాళ్లు అనీ అనేవారు. నేను తడి, అత్త పొడి. ఒకరి సంగతి ఒకరికి తెలుసు. ఆ మాట మాత్రం మా మధ్య ఎత్తుకునేవాళ్లం కాదు.

పంతొమ్మిదివందల ముప్ఫై మూడులో ఆ నిషేధాన్ని రాజ్యాంగంలోంచి తీసెయ్యాలా వద్దా అన్నది వాషింగ్టన్ వాళ్లు రాష్ట్రాలకి వదిలారు. అదీ శాసనసభలకి కాదు. ఈ ఒక్క పనికోసం జనం ప్రతినిధుల్ని ఎంచుకోవాలి, ఆ ప్రతినిధులు సభ కట్టి అవునో కాదో తేల్చాలి. ఎలా ఎంచుకోవాలన్నది ఏ రాష్ట్రం ఇష్టం ఆ రాష్ట్రానిది. చాలా చోట్ల పెట్టెలు పెట్టి ఓట్లు వేయించారు. మా వయోమింగ్‌లో అంత హంగామా లేదు. ఓటర్లు తమ బడిలోనో హాల్లోనో ఒక రోజు చేరాలి, తమలో ఒకర్ని జిల్లా కేంద్రానికి పంపాలి. జిల్లాలో చేరినవాళ్లు మళ్లీ రాజధానిలో జరిగే సభకి మనుషుల్ని పంపాలి. అంతే. మాకిది బాగా నచ్చింది. మీటింగు పెట్టడం మాకు తెలిసిన విద్యే కదా.

మే నెల. గొర్రెలు ఈనే కాలం. అందరం నిద్రల్లేక కళ్లు ఎర్రబడి బడికి చేరాం. మగవాళ్లు పిల్లల బెంచీల్లో మోకాళ్లు గడ్డాలకి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నారు. బడి కమిటీ అధ్యక్షుడు పెల్ గారు పెద్దరికం వహించి, తడివాళ్లు కిటికీల వైపూ పొడివాళ్లు పొయ్యి వైపూ నిలబడమన్నాడు. నేను క్లెమ్ మోచెయ్యి పట్టుకుని కిటికీ వైపు నడిపించాను. మొగుళ్లు ఎటు పోతే పెళ్లాలు అటే పోయారు. పొయ్యి దగ్గర పాస్టర్ గారి భార్య మిసెస్ హాలిబర్ట్, మా అందరి పాస్టరమ్మ, కొద్దిమందితో తల ఎత్తుకుని నిలబడింది. లెక్కపెట్టనక్కర్లేదు, తడివైపు గోడ కనిపించడం లేదు.

ఇక ఎవరు వెళ్లాలి? జిల్లా కేంద్రం కొండకి అవతల, దారంతా బురద. ఇంటి దగ్గర గంటకో గొర్రె ఈనుతోంది. పెల్ గారు అలా చూసేసరికి అందరికీ తమ తమ బూట్లు మహా ఆసక్తిగా కనిపించాయి. అప్పుడు లావర్టీ ఆవలిస్తూ, ఇంతకీ ఇవాళ రానిదెవరు అన్నాడు. సిగ్నీ అత్త, అని వెనకనుంచి ఎవరో అందించారు. నిజానికి ఆమె ఏ మీటింగుకీ వచ్చేది కాదు, బోర్డు దగ్గర ఒకరుండాలి కదా. అందుకని ఆమెని ఈ ఆటలోకి లాగకూడదని మాలో ఒక మర్యాద ఉండేది. ఆవేళ నిద్రమత్తులో ఆ మర్యాద ఎవరికీ గుర్తు రాలేదు. చేతులు లేచాయి. నవ్వులు లేచాయి. పెల్ గారు కాగితం రాసి, సంతకం చేసి, కవరు అంటించి, బయట ఇంజను ఆపకుండా కాచుకుని ఉన్న తపాలా బండివాడి చేతిలో పెట్టి వచ్చాడు.

అప్పుడు పాస్టరమ్మ రెండు చేతులూ జోడించి లేచి నిలబడింది. ఆమె కళ్లల్లో నీళ్లు.

"పైవాడు తన మనిషిని తనే ఎంచుకున్నాడు. మీ చేతులన్నీ ఆయనే ఎత్తించాడు" అంది.

 బెంచీల్లోంచి లావర్టీ గొంతు నీరసంగా వినిపించింది. "చచ్చాం. అత్త పొడి కదూ?"

లావర్టీ గుర్రమెక్కి తపాలా బండి వెంటపడ్డాడు. వెనకాల కేకలేస్తూ తరుముతున్న లావర్టీని చూసి తాగి ఉన్నాడనుకుని, తపాలా అతను ఇంకా జోరు పెంచాడు. కవరు వెళ్లిపోయింది.

ఆ తరవాత మా లోయలో ఫోన్లు మూగబోయాయి. తేలు కుట్టిన దొంగల్లా అందరం నోరు మూసుకున్నాం. ఎవరు హ్యాండిల్ తిప్పినా ముందు వినిపించేది ఆమె గొంతే. ఆ గొంతుకి ఏమని చెబుతాం? జిల్లా లాయర్ని అడుగుదామంటే, ఆ ఫోనూ ఆమే కలపాలి. చివరికి లావర్టీ పక్క లోయదాకా గుర్రం మీద పోయి, అక్కడినుంచి ఫోన్ చేసి కనుక్కొచ్చాడు. చట్టప్రకారం మీటింగు ఒక్కసారే. ఎన్నికైన మనిషి వెళ్లకపోతే ఆ లోయకి మాటే లేదు. వెళితే తనకి తోచినట్టు ఓటు వెయ్యొచ్చు, ముందుగా మాట తీసుకోలేదు కాబట్టి ఎవరూ ఏమీ అనడానికి లేదు. మా జిల్లాలో తడీ పొడీ సరిసమానంగా ఉన్నాయని కూడా ఆ లాయరే చెప్పాడట.

అంటే మా ఒక్క ఓటుతో జిల్లా అటో ఇటో ఒరిగిపోతుంది. ఆ ఓటు, మద్యం పేరెత్తితే మొగుడి శవం కళ్లముందు కదిలే మనిషి చేతిలో ఉంది. మేమే పెట్టాం.

పాస్టరమ్మ ఆమెకి కేకు చేసి పట్టుకెళ్లింది. తడివాళ్లు మా ఇంటి వెనక గుమిగూడి గుసగుసలాడారు. లైను మనది, బోర్డు మనది, అవసరమైతే ఇంకొకర్ని కూర్చోబెట్టుకోవచ్చు అని కూడా ఒకడన్నాడు. వాడి పేరు రాయను, వాడి పిల్లలు మంచివాళ్లు. క్లెమ్ ఆ గొంతు వచ్చినవైపు తల తిప్పి, ఆ మాట ఆమెకే ఫోన్ చేసి చెప్పమన్నాడు. ఆ అన్నవాడు టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

రెండు రోజులకి, అందరూ మధ్యాహ్నం భోజనాల దగ్గరుండగా, పెద్ద రింగు మోగింది. ఆగకుండా మోగే ఆ రింగు కొంపలంటుకున్నప్పుడో, ఏరు పొంగినప్పుడో, ఎవరైనా పోయినప్పుడో తప్ప మోగదు. చేతిలో చెంచాలు వదిలేసి లోయలో అందరం ఎత్తాం.

"ఏ కొంపా అంటుకోలేదు, కంగారుపడకండి" అంది సిగ్నీ అత్త. "నేనే. మీటింగుకి రాలేదని నన్ను ఎన్నుకున్నారట. నన్నెవరూ అడగలేదు. సరే, నేను మిమ్మల్ని అడుగుతున్నా. నేను పొడి. ఎందుకో మీ అందరికీ తెలుసు. నన్ను మానెయ్యమంటే ఇంట్లో కూర్చుంటా, అప్పుడు మన లోయ మాట ఎక్కడా పడదు. వెళ్లమంటే, మీకేం కావాలో నాకు చెప్పండి. బళ్లో ఎవరి పక్కన నిలబడ్డారో నాకక్కర్లేదు. వరసగా పేరు పిలుస్తా. మొగుడు చెప్పాక ఫోను పెళ్లాం చేతికివ్వాలి."

ఎవరూ మానెయ్యమనలేదు. ముందు లావర్టీని పిలిచింది.

"తడి అత్తా. నా మీద కోపం పెట్టుకోకు" అన్నాడు లావర్టీ.

"కోపం సంగతి తరవాత చూద్దాం. మీ ఆవిడకియ్యి."

కాసేపు గరగర. తరవాత లావర్టీ భార్య, మెల్లగానే గానీ స్పష్టంగా, "పొడి అత్తా" అంది. లైనులో ఎవరో కిసుక్కున నవ్వారు. లావర్టీ ఊపిరి మాత్రం అందరికీ వినిపించింది. బళ్లో మొగుడి పక్కన నిలబడ్డ ఆడవాళ్లలో ఇంకా కొందరు అలా ఇటునుంచి అటు మారారు. ఒకరిద్దరు అటునుంచి ఇటూ వచ్చారు. పాస్టరమ్మ వంతు వచ్చినప్పుడు, "పొడి. నీకు తెలీనిదా సిగ్నీ" అంది ఎంతో నమ్మకంగా.

మా ఇంటి వంతు వచ్చింది. వెండెల్ చెప్పాడు. నేను ఫోను అందుకుని, నా బతుకునే తీగ మీద నిలబెట్టిన మనిషికి, నువ్వు కోరేది నేను కోరడం లేదని చెప్పాల్సి వచ్చింది. "తడి" అన్నాను, నాకే వినపడనంత చిన్నగా.

"గట్టిగా చెప్పు కోరా, చప్పుడుగా ఉంది."

"తడి అత్తా."

"ఆఁ, విన్నాను. క్లెమ్‌కియ్యి."

క్లెమ్ ఫోనుని రెండు చేతులతో పట్టుకున్నాడు. "చట్టం ఉండగానే నా కళ్లు పోయాయి అత్తా. తడి" అన్నాడు.

 "విన్నాను నాయనా" అని, అత్త పక్కింటి పేరు పిలిచింది.

అందరిదీ అయ్యాక, తడే ఎక్కువ అని చెప్పింది. శుక్రవారం వెళతానంది. ఏం చేస్తానన్నది చెప్పలేదు. తీగ పీకేసిన చప్పుడు వినిపించింది.

ఇక లోయలో ఎవరి జోస్యం వాళ్లది. మనల్ని సిగ్గుపడేలా చెయ్యడానికే ఇలా అడిగిందని లావర్టీ అన్నాడు. సిగ్నీ చేతులు పొరపాటున కూడా మద్యానికి ఓటు వెయ్యలేవని పాస్టరమ్మ అంది. నాకు పాస్టరమ్మ మాటే నిజమనిపించింది. క్లెమ్ వైపు చూసినప్పుడల్లా, ఇంకెవడో రేడియేటర్ సారా తాగుతున్నట్టే అనిపించేది.

శుక్రవారం ఆమెని మా ట్రక్కులో నేనే తీసుకెళ్లాను. బోర్డు దగ్గర పెద్ద కూతురు కూర్చుంది. అత్త నల్లకోటు వేసుకుని, దాని మీద రిబ్బను పెట్టుకుంది. దారిలో రై అనే ధాన్యంతో చేసిన నల్ల రొట్టె, జున్ను పెట్టింది. తల్లి దగ్గరికి రానివ్వని గొర్రెపిల్లకి ఇంకో గొర్రె పాలు ఎలా పట్టించాలో చెప్పింది. నేను అడిగితే తను ఏం చెయ్యబోతోందో కూడా చెప్పేసేదే. అందుకే అడగలేదు. అడిగాక ఆమెని బతిమాలకుండా ఉండగలిగేదాన్ని కాదు.

కోర్టు భవనం మెట్ల మీద తెల్ల రిబ్బన్ల ఆడవాళ్లు ఆమె కోసం కాచుకుని ఉన్నారు. ఆమె సంగతి వాళ్లకి పాస్టరమ్మ ముందే చేరవేసింది. కావలించుకుని, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి తమ మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. నేను వెనక గోడ దగ్గర నిలబడ్డాను. ఒక్కొక్క ఊరి పేరూ పిలుస్తున్నారు. రైలు ఊళ్లు తడి అన్నాయి, ఎగువ పల్లెలు పొడి అన్నాయి. నాకు వేళ్ల మీద లెక్క తప్పిపోయింది గానీ, ముందు కూర్చున్నవాళ్లకి తప్పలేదు. కెటిల్ క్రీక్ అని పిలిచేసరికి తలలన్నీ ఒక్కసారి తిరిగాయి.

సిగ్నీ అత్త ముందు కుర్చీ వీపు పట్టుకుని లేచింది.

"నేను సిగ్నీ ఓర్బెక్. నేను పొడి" అంది. రిబ్బన్ల వరస చప్పట్లు మొదలుపెట్టింది. ఆమె అవి ఆగేదాకా నిలబడింది. "నా భర్త తాగి చచ్చిపోయాడు. నన్నడిగితే ఒక్క చుక్క వద్దంటాను, రేపూ అదే అంటాను. ఇక్కడ మీరు పిలిచింది నా పేరు కాదు, కెటిల్ క్రీక్ పేరు. వాళ్లందర్నీ అడిగాను. వాళ్లు తడి. అదే రాసుకోండి."

సభాధ్యక్షుడు కళ్లద్దాలు తీసి, మీ ఇష్టప్రకారం వెయ్యొచ్చమ్మా, చట్టం మిమ్మల్ని కట్టెయ్యలేదు అన్నాడు ఎంతో మెత్తగా.

"తెలుసండీ. లాయరు గారు లావర్టీకి చెప్పినప్పుడు విన్నాను. ఆ పక్క లోయ ఫోన్లు కూడా నా బోర్డు మీంచే పోతాయి" అంది.

హాలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. కూర్చోగానే పక్కనున్న ఆవిడ గౌను అంచు దగ్గరికి లాక్కుని, లేచి వేరే కుర్చీలోకి పోయింది. తరవాత ఇంకొకావిడ. చివరికి ఆ వరసలో ఆమె ఒక్కతే మిగిలింది. ఆ ఖాళీ కుర్చీల మధ్య సభ ముగిసేదాకా వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది. జిల్లా తడివైపు ఒరిగింది. రాజధానికి వెళ్లే మనుషుల్లో ఈమె పేరు కూడా చేర్చుదామని ఎవరో అన్నారు. ఇంటి దగ్గర బోర్డు ఉందండీ అని చెప్పి, కోటు బొత్తాలు పెట్టుకుంది.

తిరిగొస్తూ కొండ దిగుతుండగా ట్రక్కు ఆపమంది. దిగి, తలుపు పట్టుకుని, దారి వైపు చూస్తూ నిలబడింది. నేనూ దిగాను.

"ఇవాళ అండర్స్‌కి గ్లాసు నా చేత్తో అందించాను కోరా" అంది.

లేదత్తా అన్నాను.  ఆమెని పట్టుకుని ఏడ్చేశాను. నేను కోరుకున్నది నాకు దక్కింది. తెచ్చిచ్చినది, అది ఎవరికీ దక్కకూడదని మనసారా కోరుకున్న మనిషి. కాదంటే అడిగేవాళ్లు లేరు. ఒక్క మాట మార్చి చెబితే తన గుండె చల్లబడేది, సంఘంలో తన కుర్చీ తనకి ఉండేది. మార్చలేదు. మా తమ్ముడి మాట ఎలా అన్నాడో అలాగే తీసుకెళ్లి అక్కడ పెట్టింది. ఇన్నేళ్ల బతుకులో నాకు మేలు చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. తన మనసుని అంత కష్టపెట్టుకుని మేలు చేసిన మనిషిని ఇంకొకర్ని చూడలేదు. ఆ కొండ దారిలో ఆమె చెయ్యి పట్టుకున్నప్పుడు నాకు కలిగిన కృతజ్ఞత ఇప్పటికీ తీరలేదు, తీరకూడదనే నా కోరిక.

పాస్టరమ్మ చాన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు. ఫోన్ మాత్రం చెయ్యక తప్పేది కాదు. "ఎవరు కావాలి?" అని అత్త అడగడం, పాస్టరమ్మ బిగుసుకుపోయి పేరు చెప్పడం, అత్త కలపడం, అలా నడిచింది. తడివాళ్లకి కృతజ్ఞత చెప్పడం చేతకాలేదు. మావాళ్లకి ఆ విద్య రాదు. ఆమె పెరట్లో ఎవరో చెప్పకుండా కట్టెలు పేర్చి వెళ్లారు. ఇంకెవరో పొగబెట్టిన పంది తొడ గుమ్మానికి తగిలించి పోయారు. ఆమె అదెవరిదో కనుక్కుని, ఉప్పెక్కువైందని కబురు పెట్టింది.

డిసెంబరులో దేశపు నిషేధం పోయింది, ఆ తరవాత మా రాష్ట్రం సొంత నిషేధం కూడా పోయింది. లోయవాళ్లు స్టేషను ఊరికి వెళ్లి, దొంగచాటుగా కాకుండా దర్జాగా బార్లో కూర్చుని తాగి రావడం మొదలుపెట్టారు. అప్పటినుంచి మా దగ్గర ఒక పద్ధతి మొదలైంది. ఎవరూ చెప్పిందీ లేదు, చెయ్యెత్తిందీ లేదు. ఒకణ్ని చూసి ఒకడు చేశాడు. అందరికంటే ముందు చేసింది లావర్టీ. ఆ సాయంత్రం నేను గుడ్లు ఇవ్వడానికి వెళ్లి అత్త గదిలోనే ఉన్నాను. బయట సన్నగా మంచు పడుతోంది. లావర్టీ ముసలి గొర్రెల్ని అమ్మడానికి పొద్దున్నే ఊరికి వెళ్లాడని మా అందరికీ తెలుసు.

బోర్డు మీద లావర్టీ పేరు దగ్గర మూత పడింది. అత్త తీగ గుచ్చి, ఎవరు కావాలంది. లావర్టీ ఫోన్లో అరుస్తాడు, నాకూ వినిపించింది.

"ఎవరూ వద్దత్తా. నేనే. ఊళ్లో రెండు గ్లాసులు తాగాను. ఇల్లు చేరాను. నీకు చెబుదామని."

అత్త కిటికీలోంచి పడుతున్న మంచు వైపు చూసింది. అవతల లావర్టీ కూడా పెట్టెయ్యకుండా కాచుకున్నాడు.

"గుర్రాల్ని విప్పావా?" అంది.

"విప్పాను. మేత కూడా వేశాను."

"సూప్ వేడిగా ఉన్నప్పుడే తాగు మరి" అని, తీగ తీసేసి, నావైపు తిరిగింది.

"ఇల్లు చేరాడట కోరా" అంది.